తేనె గడీకి, ఉసిళ్ళు మాకు

మొన్న కోదాడలో మా మునిమనవరాలు చదివే బడికి పోయి, గోడకు వేలాడదీసిన ఒక అట్ట ముందు నిలబడి, ఈ వయసులో ఒంటికి మంచిది కాదని డాక్టరు పదే పదే చెప్పే కోపాన్ని మళ్ళీ తెచ్చుకున్నాను. బడిలో సైన్సు ప్రదర్శన. "తాతమ్మా, నువ్వు రావాలె, నా చార్టు సూడాలె" అని ఆ పిల్ల ఫోన్లో ప్రాణం తీస్తే, మా అబ్బాయి నన్ను సూర్యాపేట నుంచి కారులో ఎక్కించుకుని తీసుకుపోయాడు. పిల్లలంతా ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తున్నారు. గదినిండా జిగురు వాసన, రంగుల వాసన. మా పిల్ల అట్ట మీద "అడవిలో కీటకాలు" అని పెద్ద అక్షరాలు, కింద రెండు బొమ్మలు. ఎడమ పక్క తేనెటీగ. పసుపు రంగు, గుండ్రటి కళ్ళు, నవ్వు మొహం. దాని కింద "మిత్రుడు. కష్టజీవి. క్రమశిక్షణ కలది. మనకు తేనె ఇస్తుంది" అని రాసింది. కుడి పక్క చెదపురుగు. దానికి కోరలు కూడా పెట్టింది. దాని కింద ఎర్ర అక్షరాలతో "శత్రువు. చెక్కను తినేస్తుంది. దేనికీ పనికిరాదు. కనిపిస్తే మందు కొట్టండి" అని ఉంది.

ఇస్తుందట. తేనెటీగ ఎవరికైనా తేనె ఇవ్వడం నా బతుకులో నేను చూడలేదు. పొగపెట్టి, తరిమి, కోసి గుంజుకోవడమే చూశాను. గుంజుకున్నదాన్ని ఇచ్చారు అని చెప్పుకునే అలవాటు ఎవరిదో కూడా నాకు తెలుసు. ఆ ఒక్క మాట చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కన నిలబడ్డ టీచరమ్మ, చిన్న పిల్లే, నా మొహం చూసి కంగారుపడి "ఏమన్నా తప్పుందా అండీ? పాప చాలా కష్టపడి వేసిందండీ" అంది.

"బొమ్మ మంచిగనే ఉన్నది తల్లీ. రాతనే మంచిగ లేదు. ఈ చెదపుట్టల కెల్లి వచ్చేటియే ఉసిళ్ళు. దేనికి పనికిరాదని రాసిండ్రు. మేం అవ్వి తిని బతికినం" అన్నాను.

ఆ అమ్మాయికి నవ్వాలో వద్దో తెలియలేదు. "పురుగుల్నా అండీ?" అంది. మా మునిమనవరాలు నా కొంగు పట్టి లాగి "తాతమ్మా, జర మెల్లగ. మా ఫ్రెండ్స్ ఇంటున్నరు" అంది. తిరిగొచ్చేటప్పుడు కారులో మా అబ్బాయిదీ అదే పాట. "అంతమందిల ఆ ముచ్చట అవసరమా అమ్మా?" బతుకంతా బడిలో పాఠాలు చెప్పుకున్నదాన్ని, ఎక్కడ ఏం మాట్లాడాలో ఇప్పుడు వీళ్ళ దగ్గర నేర్చుకోవాలి. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు విననన్న ముచ్చట ఇక్కడ రాస్తున్నాను.

మాది గొర్లు కాసే ఇల్లు. మిర్యాలగూడ నుంచి పాలకీడు దాటి కృష్ణ ఒడ్డు దిక్కు పోతే అప్పుడంతా అడవి. మరీ ఆకాశాన్నంటే చెట్లేమీ కావు. మోదుగ, తునికి, చండ్ర, వాటి మధ్య రాతిగుట్టలు, గుట్టల నడుమ ఒక వాగు. ఆ వాగు పక్కన పిడికెడు గుడిసెల గొల్లగూడెం మాది. మా నాయన ఎండలు ముదరగానే మందను తోలుకుని కృష్ణ దాటి అవతలికి మేతకు పోయేవాడు. వానలు పడి ఇక్కడ గడ్డి మొలిచాకే మళ్ళీ ఆయన మొహం చూసేది. అందాకా ఇంట్లో నలుగురం. నాయన తల్లి, ఆమెను నేను అవ్వా అనేదాన్ని. మా అమ్మ. నాయన తమ్ముడు సైదులు చిన్నాయన, అప్పటికి పెళ్ళికాలేదు. నేను. ఆ గుడిసె వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పొయ్యి మీద ఉడికే జొన్న గటక, చూరులో చెక్కిన ఎండు ఆకులు, అవ్వ కాల్చే చుట్ట, అన్నిటి మీదా గొంగడి వాసన. అవ్వకు ఒకే ఒక నల్ల గొంగడి. కప్పుకునేది అదే, పరుచుకునేది అదే, వానకు నెత్తిన వేసుకునేది అదే. తడిస్తే కంపు కొట్టేది, అయినా చలికి అందులోకే దూరేవాళ్ళం. అవ్వ మాట కరుకు. నన్ను పోరీ అనడమే తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. తిట్టందే చెంబెడు నీళ్ళు ఇవ్వదు. కానీ కుండలో గటక తక్కువైన రోజు తనకు ఆకలి లేదని చెప్పేది కూడా ఆమే.

అడవిలో మాకు ఆ రెండు పురుగులూ బాగా తెలుసు. తేనెటీగలు ఎత్తున ఉండేవి. గూడెం అవతల తేనెగుండు అని ఒక నిలువు బండ. దాని కడుపు కింద తలుపు రెక్కంత పెరలు, అంటే తేనెపట్లు, వరసగా వేలాడేవి. దగ్గరికి పోకముందే వాటి రొద వినపడేది. ఎండలో వాటి మీద నీడ పడినా, నెత్తికి రాసుకున్న నూనె వాసన తగిలినా లేచొచ్చి మీద పడేవి. ఒకటి కుట్టిందంటే ఆ వాసనకు మిగతావన్నీ అక్కడే కుడతాయి. కుట్టింది చస్తుంది, కానీ చచ్చే ముందు ఎవడిని కుడుతున్నానని చూసుకోదు. ఉసిళ్ళు అట్లా కాదు. అవి మట్టిలో ఉంటాయి. ఏడాదంతా చెదలు పుట్టలో చప్పుడు లేకుండా రాలిన పుల్ల, ఎండిన ఆకు, గొర్రె పెంటిక తిని బతుకుతాయి. వాటిలో కొన్నింటికి తొలకరికి రెక్కలొస్తాయి. వాన పడి భూమి తడవగానే పొగలాగా లేచి, కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చుకుని కింద పడతాయి. కప్ప తింటుంది, కాకి తింటుంది, కుక్క తింటుంది, మేమూ తినేవాళ్ళం. ముల్లు లేదు, విషం లేదు, దాచుకున్న సొమ్ము లేదు. వాటి ఒళ్ళే వాటి ఆస్తి. తేనె కోసం గడీ నుంచి మిర్యాలగూడ సావుకారి దాకా అందరూ చెయ్యి చాచేవాళ్ళు. ఉసిళ్ళ పేరెత్తితే ఉమ్మేవాళ్ళు. మా అడవిలో తునికిపండు గడీకి పోవాలి, చింతపండు పోవాలి, కట్టెలు పోవాలి, విస్తరాకులు కూడా మేమే కుట్టి పంపాలి. దొర కన్ను పడనిది ఏదన్నా ఉంటే దాన్ని మేం తినేవాళ్ళం.

గడీ అంటే ఊళ్ళో దొర ఉండే పెద్ద మేడ. అక్కడి నుంచి కబురొస్తే కూలి లేకుండా పోయి పని చెయ్యాలి, దాన్నే వెట్టి అనేవాళ్ళు. కోదాడ అవతల ఆంధ్రలో దేశం మనదైందని జెండాలు ఎగరేశారని విన్నాం. సూర్యాపేట దిక్కు ఊళ్ళల్లో జనం వెట్టి చెయ్యం అని కట్టెలు పట్టుకుని నిలబడ్డారనీ విన్నాం. మా దొర అది విని గడీలో తుపాకులోళ్ళను పెట్టుకున్నాడు. మా దాకా ఏ జెండా రాలేదు. ఆ ఎండాకాలం మా అమ్మా, గడీలో దొర కోడలూ ఒకే వారంలో మగపిల్లల్ని కన్నారు. అక్కడ తుపాకులు పేల్చి పండుగ చేశారు. ఆ పండుగకు, నాయన పాల కోసమని ఇంటి దగ్గర వదిలిపోయిన రెండు మేకల్నీ పట్టుకుపోయి కోశారు. బాలింత ఇంట్లో పాలమేక అని కూడా చూడలేదు. తర్వాత కబురొచ్చింది, దొర కోడలికి తేనె కావాలి, తేనెగుండు మీది పెరలు కోసివ్వాలి అని. తేనె కోసేది సైదులు చిన్నాయన. మామూలుగా చంద్రుడు లేని రాత్రి పోయేవాడు. చీకట్లో ఈగలు మనిషి మీదికి లేవవు. గడీ గుమాస్తా వద్దన్నాడు, పట్టపగలే కొయ్యాలన్నాడు. చీకట్లో ఎవడు ఎంత నాకాడో తనకు ఎట్లా తెలుస్తుందని అడిగాడు. ఆ గుమాస్తా పేరు నాకు గుర్తుంది. రాయను, వాడి మనవలు మంచివాళ్ళని విన్నాను.

తేనెగుండు కింద గుమాస్తా మోదుగ చెట్టు నీడలో, ఈగలకు అందనంత దూరంలో కూర్చున్నాడు. చిన్నాయన పైనుంచి తాడు మీద దిగి పెర కొయ్యాలి. కింద అవ్వ పిండి కుండల్లో పోయాలి. ఆకులు అందించడానికి నన్ను కూడా తోలుకుపోయారు. పని మొదలుపెట్టే ముందు గుమాస్తా ముగ్గురినీ వరసగా నిలబెట్టి కడవ చూపించాడు. "నోట్ల నిండ నీళ్ళు పోసుకోండ్రి. పని అయినంక నా ముందల ఉమ్మాలె. నీళ్ళు తక్కువైనయంటే తేనె నాకినట్టే." ఎవడికి తట్టిందో ఆ ఉపాయం, వాడి తల తగలెయ్య. నోట్లో నీళ్ళుంటే నాకలేం, మింగలేం, మాట్లాడలేం. చిన్నాయన బుగ్గలు ఉబ్బించుకునే గుండు ఎక్కాడు. పచ్చి ఆకు, ఎండు గడ్డి కలిపి కట్టిన పొగకట్ట చేతిలో ఉంది, కానీ పగటి ఎండలో గాలి ఎటు తిరిగితే పొగ అటే పోయింది. ఈగలు లేచాయి. ఆయన మొహం నల్లగా అయిపోవడం కింది నుంచి నాకు కనిపించింది. అవన్నీ ఈగలే. మనిషన్నవాడికి ముల్లు గుచ్చుకుంటే అమ్మా అని అరుస్తాడు. చిన్నాయన అరవలేదు. తాడు మీద కాళ్ళు కొట్టుకుంటున్నాడు, ముక్కులోంచి ఒక మూలుగు వస్తోంది, చెయ్యి మాత్రం పెర కోస్తూనే ఉంది. అది చూసి నేను గుటుక్కున నీళ్ళు మింగేశాను. గుమాస్తా నా గదవ పట్టుకుని, నోరు తెరిపించి వాసన చూసి, చెంప పగలగొట్టాడు. అవ్వ నా దిక్కు చూసింది. ఆమె నోట్లోనూ నీళ్ళే, ఏమీ అనలేకపోయింది.

చిన్నాయన దిగాక కళ్ళు కనపడలేదు, మొహమంతా ఒకటే వాపు. తడుముకుంటూ వచ్చి గుమాస్తా ముందు నీళ్ళు ఉమ్మాడు. ఆ నీళ్ళలో నెత్తురు ఉంది గానీ నీళ్ళు మాత్రం తక్కువ కాలేదు. గుమాస్తా తృప్తిగా తలూపాడు. అప్పుడు అవ్వ కూడా ఉమ్మేసి, వంగి అడిగింది. "దొరా, నీ బాంచెన్, ఇంట్ల బాలింత ఉన్నది. పాలు పడలే. పోరడు ఎండిపోతున్నడు. చిన్న చిప్పెడు ఇప్పియ్యుండ్రి, మీ పేరు చెప్పుకుంటం."

"దొర కోడలు తాగే తేనె మీ గుడిసెల నాకిస్తవా? లే, కుండెత్తు" అన్నాడు వాడు.

అవ్వ ఆ కుండ నెత్తికెత్తుకుని గడీ దాకా మోసి వచ్చింది. చిన్నాయనకు కుడి కన్ను తెరుచుకుంది, ఎడమ కన్ను ఇక తెరుచుకోలేదు. ఈగలను నేను ఈనాటికీ క్షమించలేదు. నీడలో కూర్చున్న వాడిని ఒక్కటంటే ఒక్కటి కుట్టలేదు. ఇది పిచ్చి కోపమని నాకూ తెలుసు.

ఇంట్లో అమ్మకు పాలు లేవు. జొన్నలు అడుగంటాయి, రోజుకొకసారి పలచటి గటక. తమ్ముడు చప్పరించి చప్పరించి, పాలు రాక, ఏడవడానికి కూడా ఓపిక లేక అమ్మ ఒళ్ళో కళ్ళు తేలేసేవాడు. ఉసిళ్ళు తింటే బాలింతకు పాలు పడతాయని అవ్వ నమ్మకం. కానీ రోహిణి కార్తె ఎండ నిప్పులు చెరుగుతోంది, వాన జాడ లేదు. ఒకనాటి మధ్యాహ్నం అవ్వ వాగు ఒడ్డున ఉన్న పుట్టను పుల్లతో కొంచెం గీకి, లోపలికి చూసి, తలెత్తి నన్ను కేకేసింది. "పోరీ, కడవల నీళ్ళు పట్రా. రెక్కలొచ్చి కూసున్నయి. వానకు సూస్తున్నయి. ఇయ్యాల వాన మనమే కురిపిద్దాం."

"మబ్బే లేదు గదనే అవ్వా?"

"మబ్బు నీకు గావాలె, నాకు గావాలె. చెదలకు కండ్లేడున్నయి? తడి తెలుస్తది, సప్పుడు తెలుస్తది, గంతే."

పుట్ట పక్కన భూమిలో ఒక కుండను మూతి దాకా పాతింది. పుట్ట మీద నీళ్ళు చిలకరించి, తన నల్ల గొంగడి తెచ్చి పుట్టంతా చీకటయ్యేటట్టు కప్పింది. కుండ ఉన్న వైపు మాత్రం కొస కొంచెం ఎత్తిపెట్టింది, వెలుతురు ఉన్న దిక్కే అవి పాకి వస్తాయని. తర్వాత ఇద్దరం గొంగడి చుట్టూ కూర్చుని వేళ్ళతో దాని మీద చిటచిటా కొట్టడం మొదలుపెట్టాం. ముందు మెల్లగా, తొలి చినుకుల్లాగా. తర్వాత గట్టిగా. నన్ను ఇసుక తీసి చల్లమంది. మళ్ళీ నీళ్ళు చల్లింది. ఎండకు నా నెత్తి పగిలిపోతోంది, గొంగడి కింద వాన పడుతోంది. "ఆపకు, ఆపితె ఎనకకు పోతయి, దొంగ వాన అని ఎరుకైతది" అని అవ్వ గదమాయించింది. కొంతసేపటికి లోపల గరగర మొదలైంది. తెల్లటి రెక్కలు ఒకదాని మీద ఒకటి పడుతూ వెలుతురు దిక్కు పాకి వచ్చి కుండలో రాలిపోయాయి. అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది. తేనెగుండు దగ్గరి నుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. నాకు ఒళ్ళు తెలియని సంతోషం. దొరను అడగకుండా, ఎవరి కాళ్ళూ మొక్కకుండా, ఆకాశాన్ని కూడా బతిమాలకుండా మేం తెచ్చుకున్న తిండి అది.

చేటలో చెరిగితే రెక్కలన్నీ గాలికి పోయాయి. పెంకలో ఉప్పు కారం వేసి వేయిస్తే వేరుశనగలు వేయించినంత కమ్మటి వాసన. వాటి కొవ్వే వాటికి నూనె. అవ్వ అమ్మకు సగం పైగా పెట్టింది. చిన్నాయన కంటికి పసరు కట్టుకుని మూలకు కూర్చుని ఉన్నాడు, తన ముందు పెట్టినది కూడా అమ్మ దిక్కు జరిపాడు. "నాకు ఆ వాసన పడదు వదినె, నువ్వే తిను" అన్నాడు. పడకపోవడమేంటి, అంతకుముందు ఏడాది నాతో పోట్లాడి మరీ తిన్న మనిషి. అవ్వ వరసగా పుట్టలు వెతికి గొంగడి వాన కురిపిస్తూనే ఉంది. అమ్మకు పాలు పడ్డాయి. తమ్ముడు గుటకలు వేసే చప్పుడు గుడిసెలో వినపడేది, ఆ చప్పుడుకు మేం ముగ్గురం మాటలాపి వినేవాళ్ళం. వాడి బుగ్గలు తేరుకున్నాయి, నా వేలు ఇస్తే పట్టుకునేవాడు.

గుమాస్తా మళ్ళీ ఏదో పనికి చిన్నాయన కోసం వచ్చాడు. పెంకలో ఉన్నవి చూసి "థూ, పురుగులు తింటున్నరు, మనుషులేనా మీరు" అని ఉమ్మాడు. అవ్వ పెంకలో గరిటె తిప్పుతూనే ఉంది. వీడికి ఇది వద్దు కదా, వీడు దీన్ని గుంజుకోడు కదా అని లోపల సంతోషపడి ఉంటుంది, నేనైతే పడ్డాను. కానీ వాడి చూపు పెంక మీది నుంచి అమ్మ మీదికి పోయింది. పిల్లవాడిని అప్పుడే దించిందేమో, అమ్మ రవిక ముందంతా పాలతో తడిసి ఉంది. వాడు దాన్ని చూసుకుంటూ కొంచెం సేపు నిలబడి, చిన్నాయన సంగతి మరిచిపోయి వెళ్ళిపోయాడు. తెల్లారి గడీ నుంచి ఒక మనిషి వచ్చింది. దొర కోడలికి పాలు చాలడం లేదు, గొల్లామె వచ్చి చిన్నదొరకు పాలివ్వాలి అని.

ఉసిళ్ళను గుంజుకోలేదు. ఉసిళ్ళతో పడ్డ పాలను గుంజుకున్నారు. అమ్మ పొద్దు పొడవక ముందే పోవాలి, దీపాలు పెట్టే వేళకు రావాలి. పోయే ముందు సొంత పిల్లవాడికి ఇవ్వకూడదు, పాలు నిండుగా తేవాలి. పిల్లవాడిని గడీలోకి తీసుకురాకూడదు, మా పిల్లల దిష్టి వాళ్ళ పిల్లవాడికి తగులుతుందట. అవ్వ జొన్న గంజిలో బట్ట తడిపి తమ్ముడి నోట్లో పెట్టేది. వాడికి ఆ గంజి పడలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒకనాడు ఎండవేళ వాడు మరీ నీరసించిపోతే చిన్నాయన గొంగట్లో చుట్టుకుని గడీ దర్వాజ దాకా మోసుకుపోయాడు, నేను వెనక పరుగెత్తాను. "ఒక్కసారి పాలియ్యనియ్యుండ్రి అన్నా. గీ దర్వాజల్నే, నిమిషంల పోతం" అని కావలివాడిని అడిగాడు. "చిన్నదొర పండుకున్నడు. గీ ఏడుపు ఇనబడితె నా నౌకరీ పోతది, పో గీడ నుంచి" అని వాడు కర్రతో చిన్నాయన భుజం మీద నెట్టాడు. లోపల అమ్మ ఆ ఏడుపు విన్నది. వినగానే పాలు వాటంతటవే కారి కింద పడ్డాయని, పాలు దండుగ చేస్తున్నావని దొరసాని తిట్టిందని ఆ సాయంత్రం వచ్చి చెప్పింది. తర్వాత కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం తమ్ముడు అవ్వ ఒళ్ళో పోయాడు. వాడికి ఇంకా పేరు పెట్టలేదు. గడీకి కబురు పంపితే, దీపాల వేళకు ఎట్లాగూ వస్తుంది కదా అన్నారు. అమ్మ వచ్చి, వాడిని ఎత్తుకుని, మేం ఎంత చెప్పినా వినకుండా పాలివ్వబోయింది. తెల్లారి గడీ మనిషి మామూలుగా వచ్చి పిలిచింది. అమ్మ పోయింది. పోకపోతే చిన్నాయనను కట్టేసి కొడతామన్నారు.

వానలు పడ్డాక నాయన తిరిగొచ్చాడు. సంగతి విన్నాక మందను వాగు దాటించనే లేదు, అట్నుంచి అటే మమ్మల్ని తీసుకుని కోదాడ దిక్కు నడిచాడు, తర్వాత సూర్యాపేటలో నిలిచాం. ఆ గడీ ఇప్పుడు పాడుపడిందనీ, దూలాలు, తలుపులు చెద తినేసిందనీ చూసొచ్చినవాళ్ళు చెప్పారు. అంత ఆలస్యం ఎందుకు చేసిందని అడగబుద్ధయింది నాకు. ఇప్పుడు సూర్యాపేట దుకాణాల్లో అడవి తేనె అని సీసాల మీద గుట్ట బొమ్మ, ఈగ బొమ్మ వేసి అమ్ముతున్నారు. మా ఇంట్లో పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకుని తాగుతారు. తాగనీ, నాకేం అభ్యంతరం. ఉసిళ్ళు వస్తే మాత్రం లైట్లన్నీ ఆర్పి, కిటికీలు మూసి, పొద్దున్నే ఛీ ఛీ అంటూ ఊడ్చి పారేస్తారు. ఆ టీచరమ్మ మీద నాకు కోపం లేదు, పుస్తకంలో ఉన్నదే చెప్పింది. కానీ మిత్రుడు, శత్రువు అని రాసేవాళ్ళు ఎవరికి అన్నది కూడా రాయాలి. రెండూ పురుగులే, వాటి బతుకు అవి బతికాయి. మమ్మల్ని తిన్నది పురుగు కాదు. దాని బొమ్మ ఆ గదిలో ఏ గోడ మీదా లేదు.

అమ్మ గడీలో గడిపిన ఆ రోజుల గురించి ఎన్నడూ నోరు విప్పలేదు. చివరి రోజుల్లో దగ్గుతో నిద్రపట్టక బాధపడుతుంటే, దవాఖానలో చెప్పారని నేను తేనె తెచ్చి చెంచాలో పోసి ఇవ్వబోయాను. మొహం తిప్పుకుంది. నేను విసుక్కుని, మందు అనుకుని మింగమ్మా అన్నాను. అప్పుడు చెప్పింది.

"గడీల నాకు దినాం తేనె పెట్టేటోళ్ళు బిడ్డా. నెయ్యేసిన బువ్వ పెట్టేటోళ్ళు. వాళ్ళ పోరనికి పాలు మంచిగ పడాలెనని. మీ చిన్నాయన కోసిన తేనెనే అది. ఇంటికి మూటగట్టుకపోతనని వాళ్ళ అనుమానం. ముందల నిలబడి, మింగినవా, నోరు తెరువు అని సూసేటోళ్ళు."

నేను చెంచా పక్కన పెట్టేశాను. నీ తప్పేముందమ్మా, విషం మింగినట్టు మింగి ఉంటావు అన్నాను.

అమ్మ నా దిక్కు కోపంగా చూసింది. "విషమంటవేందే. ఆకలి మీదున్న. వాడు గాడ గంజి పడక సస్తుంటె నేను గీడ మింగిన. తియ్యగుండె. ఎంత తియ్యగుండెనో ఇంకా నా నాలికెకు యాదికున్నది. గందుకే వాళ్ళను నేను సచ్చేదాక మాఫ్ చెయ్య."